కాకిలెక్క

హర్యనీనా రేవులో టికెట్ల కిటికీ పక్కన
మేకుకి వేలాడుతుందొక నోటుబుక్కు.
దారానికి కట్టిన పెన్సిలు. పెన్ను పనికిరాదు,
జనవరిలో సిరా గడ్డకడుతుంది.
పడవ వచ్చినా రాకపోయినా
పిట్టని చూసినవాళ్లు వచ్చి రాసిపోతారు.
టికెట్లు అమ్మేదాన్ని నేను.
మొదట్లో నాకు బాతుకీ బాతుకీ తేడా తెలీదు.

"పొడుగుతోక బాతులు, అరవై దాకా, దీపస్తంభానికవతల"
అని రాస్తుంది లెయిదా.
చూపు మందగించింది, చెవులతో లెక్కపెడుతుంది.
మా భాషలో వాటి పేరు ఔల్.
"పేరు మనం పెట్టలేదు, అవే అరిచి చెప్పుకున్నాయి"
అంటుంది, నీటివైపు తల వంచి
పొరుగింటి పోట్లాట వింటున్నట్టు.

మిర్టెల్‌కి పదకొండేళ్లు. రాతనిండా కొట్టివేతలే:
"లైబ్రరీ అద్దానికి గుద్దుకుని లక్కరెక్క పిట్ట పడింది.
చచ్చిపోయిందనుకున్నా.
చేతితొడుగులో చుట్టి జేబులో వేసుకున్నా.
లెక్కల క్లాసు మధ్యలో కదిలింది.
కిటికీ తీస్తే పోయింది.
జేబులో ఎర్రటి రెట్ట, నాలుగు గింజలు.
అమ్మ తిట్టింది. గింజలు దాచాను."

కాల్యో సంగతి వేరు.
అతని కంటికి మామూలు పిట్ట ఆనదు.
"డేగలాంటి గుడ్లగూబ! టెలిఫోను తీగ మీద! పట్టపగలు!"
ఆశ్చర్యార్థకాలకే సగం పెన్సిలు అరిగిపోతుంది.
కింద ఎవరో రాశారు: "ఫొటో ఏదీ?"
దాని కింద అతనే: "చేతులు వణికాయి."
ఆ ఒక్క మాట నేను నమ్మాను.

ఇక వెల్లో. రేవులో క్రేను నడిపి రిటైరయినవాడు.
రోజూ పొద్దుగూకే వేళ అదే క్రేను కింద నిలబడి
బూడిదరంగు చొక్కా తొడుక్కున్న కాకుల్ని
గూటికి పోతుంటే లెక్కపెడతాడు.
"కాకులు 412."
"కాకులు 409."
"గాలి. కాకులు 388."
అంతే. పదిహేడు శీతాకాలాలుగా అంతే.
"అన్నీ కాకిలెక్కలే" అని నవ్వేవాడు కాల్యో,
"ఎవడు పోయి సరిచూస్తాడు?"
వెల్లో తాపీగా ముక్కు తుడుచుకుని
"నువ్వు పో" అనేవాడు.

ఫిబ్రవరిలో సముద్రం గట్టిపడింది.
పడవ ఆపేసి మంచు మీద దారి తెరిచారు.
ఆ దారిలో సీటుబెల్టు పెట్టుకోకూడదు, ఎక్కడా ఆగకూడదు.
ఆ దారినే అంబులెన్సు వెల్లోని తీసుకుపోయింది, గుండెకని.
ఆ సాయంత్రం అతను రాసే వరస ఖాళీ.
మర్నాడూ ఖాళీ.
లెయిదా హంసలూ మిర్టెల్ పిచ్చుకలూ
ఆ ఖాళీని తొక్కకుండా పక్కనుంచి నడిచిపోయాయి.

మూడోనాడు, తెలిసిన చేతిరాతే:
"కాకులు సుమారు 400." కొట్టివేత.
"నాలుగొందలకి కాస్త తక్కువ." కొట్టివేత.
"ఒక్కచోట నిలబడవు.
ఎలా లెక్కపెడతాడీ మనిషి?"
ఒక్క ఆశ్చర్యార్థకం లేదు.

ఆ రాత్రి కౌంటర్ ఫోను మోగింది. వార్డు నుంచి వెల్లో.
ఎవరు రాస్తున్నారో చెప్పాను.
చాలాసేపు దగ్గాడు, నవ్వేమో.
గుండె ఎలా ఉందంటే పలకలేదు.
"పదేసి చొప్పున కట్టమను, ఒక్కొక్కటీ అయితే తెమలదు.
అంతా అయిపోయిందని వచ్చేయొద్దను.
ఎడమ రెక్కలో ఈకలు లేనిదొకటి
అందరికంటే వెనక, నీళ్లకి ఆనుకుని వస్తుంది.
దాన్ని వదిలేస్తే ఆ రోజు లెక్క లెక్క కాదు."

నిన్న కిటికీ మూసే వేళకి కాల్యో వచ్చాడు.
కనుబొమల మీద మంచు.
వేళ్లు వంగక, పెన్సిలు నాకిచ్చి రాయమన్నాడు.
"మూడు వందల డెబ్బై..."
మూడు వేశాను, ఏడు వేశాను.
"ఆగు" అన్నాడు.
ఆకాశంలో ఇంకా కాస్త వెలుగుంది.
తలుపు వెయ్యకుండానే మళ్లీ క్రేనువైపు పోయాడు.
ఇద్దరికీ టీ పోశాను, నాది తాగేశాను.
పేజీలో 37 దాకా ఉంది.
పెన్సిలు నా చేతిలోనే ఉంది.